తనిఖీ రిపోర్టు ఎవరి సొత్తు?

నర్సింగ్ హోం మెట్లెక్కేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. కాన్పుకి వెళతాం, గర్భస్రావానికి వెళతాం, గర్భసంచి ఆపరేషన్‌కి వెళతాం. పిల్లాడికి జ్వరమొస్తే ఎత్తుకుని పరుగెత్తేది మనమే, అత్తగారు జారిపడితే మంచం పక్కన చాప వేసుకుని పడుకునేదీ మనమే. అక్కడ చీపురు పట్టేది స్త్రీ, సెలైన్ పెట్టేది స్త్రీ, చాలాచోట్ల డాక్టరు కూడా స్త్రీయే. కానీ ఆ ఆస్పత్రిని ప్రభుత్వం తరఫున ఆఖరిసారి ఎవరు తనిఖీ చేశారు, ఎప్పుడు చేశారు, ఏం లోపాలు రాశారు, వాటిని సరిదిద్దారా లేదా అని అడిగితే మాత్రం మనం పరాయివాళ్ళమైపోతాం. "అదంతా ఆఫీసు విషయం" అంటారు. మన ఒంటిమీద కత్తిపెట్టే గది గురించిన కాగితం మనకు సంబంధం లేని ఆఫీసు విషయం ఎలా అయింది? ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. ఆ కాగితం మనది. మనం ఆస్పత్రిలో చేరకముందే అది మన కళ్ళముందు ఉండాలి.

మా సంఘం పనిచేసేది హైదరాబాదులోని మధురానగర్‌లో, దాని చుట్టుపక్కల బస్తీల్లో. అమీర్‌పేటకీ యూసుఫ్‌గూడకీ మధ్య ఉన్న కాలనీ ఇది. స్త్రీల పేరున్న బోర్డులకు ఇక్కడ కొదవ లేదు. స్త్రీ శిశు సంక్షేమ శాఖ రాష్ట్ర కార్యాలయం కూతవేటు దూరంలో ఉంది. స్టేట్ హోం, శిశువిహార్ ఇక్కడివే. మెట్రో రైలు వచ్చాక ఇక్కడి స్టేషన్‌కు 'తరుణి' అని పేరు పెట్టి, ఇది స్త్రీల స్టేషన్ అన్నారు. కోచింగ్‌ల కోసం జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఈ వీధుల్లోని హాస్టళ్ళలో ఉంటారు. తెల్లవారితే బోరబండ, రహమత్‌నగర్‌ల నుంచి ఇళ్ళలో పనిచేసే స్త్రీలు నడిచి వస్తారు. వీళ్ళందరికీ జబ్బు చేస్తే దగ్గర్లో ఉండేది నర్సింగ్ హోమే. ఇళ్ళ కోసం కట్టిన భవనాల్లో కింద మందుల షాపు, పైన వార్డు, ఆపైన థియేటర్. పైకీ కిందికీ ఒకే ఇరుకు మెట్లదారి.

గోడలు ఏం చెబుతున్నాయి?

మా సంఘంలో కొందరం ఈ చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లోకి వెళ్ళి గోడలు చదవడం మొదలుపెట్టాం. గోడల మీద చాలా ఉంటాయి. దేవుడి పటాలు ఉంటాయి. మంత్రిగారితో డాక్టరుగారి ఫోటో ఉంటుంది. నవ్వే పాపాయిల పోస్టర్లు, ఏ ఇన్సూరెన్సు కార్డులు చెల్లుతాయో చెప్పే పట్టిక ఉంటాయి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మాత్రం వెతుక్కోవాలి. ఒకచోట అది డాక్టరు గదిలో కుర్చీ వెనకాల ఉంది. ఇంకోచోట ఉంది గానీ గడువు తేదీ ఉన్న భాగం మీద క్యాలెండర్ తగిలించి ఉంది. ఫైర్ సర్టిఫికెట్ ఏదని అడిగితే ఎర్ర సిలిండర్‌కేసి చెయ్యి చూపించారు. ఆ సిలిండర్ మీద చీటీ చిరిగిపోయి ఉంది. "మీరెవరు, ప్రెస్సా?" అన్నది మాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న. పేషెంటో, పేషెంటు తాలూకు మనిషో కూడా ఇది అడగొచ్చునన్న ఊహే అక్కడ లేదు.

కానీ ఒక్క బోర్డు మాత్రం మేం వెళ్ళిన ప్రతిచోటా, స్కానింగ్ గది ముందు, తెలుగులో ఉంది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అన్న బోర్డు అది. డాక్టర్లు దాన్ని ప్రేమతో పెట్టలేదు. ఆడపిండాల హత్యల మీద దేశమంతటా స్త్రీల సంఘాలు పోరాడితే 1994లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినా అమలు కాకపోతే ఆరోగ్య సంఘాలు, కార్యకర్తలు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2001లో కోర్టు ప్రభుత్వాలను మందలించింది, 2003లో చట్టాన్ని గట్టిపరిచారు. ఈ చట్టం కింద అధికారికి 15 రోజుల నోటీసు ఇచ్చి, స్త్రీల సంఘం కూడా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. చట్టం ప్రతిని చదువుకోడానికి అడిగినవాళ్ళకు స్కానింగ్ సెంటరు వాళ్ళు ఇవ్వాలి. బోర్డు పెట్టినంత మాత్రాన నేరం ఆగిందని నేననడం లేదు. ఉద్యమం అడిగితే గోడ మీదికి కాగితం వస్తుందని అంటున్నాను. ఒక కాగితం వచ్చినప్పుడు మిగతావి ఎందుకు రావు?

మిగతావి ఎందుకు కావాలో ఒక స్త్రీ అనుభవం చెబుతాను. బోరబండ నుంచి వచ్చి మధురానగర్‌లో నాలుగిళ్ళలో పనిచేసే ఆమె తెల్లబట్ట అవుతోందని ఒక నర్సింగ్ హోంకి వెళ్ళింది. స్కానింగ్ తీసి, గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసెయ్యాలి అన్నారు. ఆమెకింకా 40 ఏళ్ళు నిండలేదు. అప్పుచేసి ఆపరేషన్ చేయించుకుంది. కుట్ల దగ్గర చీము పట్టి నెలన్నర మంచం దిగలేదు, పనిచేసే ఇళ్ళలో రెండు పోయాయి. ఆమెతోపాటు నేనూ వెళ్ళాను. కేస్ షీట్ ఇవ్వమన్నాం, రేపు రమ్మన్నారు. ఆ థియేటర్‌లో క్రిములున్నాయో లేదో చూసే పరీక్ష ఎప్పుడు చేయించారన్నాం. "అవన్నీ మీకర్థం కావమ్మా" అన్నారు. తనిఖీల వివరాలు కావాలని సంబంధిత ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు పెడితే, అది మూడోపక్షం సమాచారం గనక ఇవ్వలేమని జవాబొచ్చింది. మూడోపక్షమట! కడుపు కోయించుకున్నది ఆమె. మరి ఈ వ్యవహారంలో మొదటి పక్షమెవరు?

చట్టంలో మనం ఎక్కడున్నాం?

ఉమ్మడి రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కి 2002లో చట్టం చేశారు, 2007లో నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తున్నది ఆ చట్టమే. తెలంగాణ తర్వాత 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తీసుకుంది. ఇది ప్రైవేటు ఆస్పత్రులకే కాక ప్రభుత్వ ఆస్పత్రులకూ వర్తిస్తుంది, అంతవరకు మంచిదే. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను వచ్చిన ప్రతి ఒక్కరికీ కనిపించేలా పెట్టాలని ఇందులో ఉంది. గడువు తీరిపోయిన సంస్థల పేర్లు అధికారులు ప్రచురించాలని ఉంది. శాశ్వత రిజిస్ట్రేషన్ ఇచ్చే ముందు ఆ ఆస్పత్రి చూపించిన ఆధారాలను 30 రోజులపాటు ప్రజల ముందుంచి అభ్యంతరాలు తీసుకోవాలని కూడా ఉంది. మీ వీధిలోని నర్సింగ్ హోం మీద అభ్యంతరాలుంటే చెప్పమని మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇచ్చే ముందు అధికారులు ఎలాంటి విచారణా జరపకూడదు. దరఖాస్తు పెట్టిన పది రోజుల్లో సర్టిఫికెట్ ఇచ్చెయ్యాలి. అంటే గోడ మీద సర్టిఫికెట్ కనిపించినా, ఎవరో వచ్చి చూసి బాగుందన్నారని దానర్థం కాకపోవచ్చు. తనిఖీ జరిగిన తర్వాత ఏమవుతుంది? అధికారులు తమ అభిప్రాయాన్ని ఆస్పత్రికి తెలియజేస్తారు, ఆస్పత్రి తన జవాబు చెప్పుకుంటుంది, అధికారులు సలహా ఇస్తారు. ఈ ఉత్తర ప్రత్యుత్తరాల్లో పేషెంటు ఎక్కడా లేదు. రిజిస్ట్రేషనే లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 50 వేల రూపాయల దాకా. అది ఒకటో రెండో సిజేరియన్ల బిల్లు. ఆ జరిమానాకు భయపడేదెవరు?

ఈ ఒక్క సర్టిఫికెట్టే కాదు, నర్సింగ్ హోం చుట్టూ ఇంకా కాగితాలున్నాయి. ఆస్పత్రి చెత్తకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. మధురానగర్ వాళ్ళకు ఆ మండలి ఆఫీసు సనత్‌నగర్‌లోనే ఉంది. స్కానింగ్ యంత్రానికి వేరే రిజిస్ట్రేషన్. గర్భస్రావాలు చేసే ప్రైవేటు ఆస్పత్రికి జిల్లా కమిటీ ఆమోదం. మంటల నుంచి రక్షణకు ఫైర్ శాఖ చూసేవి కొన్ని, భవనం ఎత్తును బట్టి మున్సిపాలిటీ చూసేవి కొన్ని. ఏ ఆఫీసుకి వెళ్ళినా వాళ్ళ ముక్క వాళ్ళది. ఆ ముక్కలన్నీ కలిపి, ఈ ఇంట్లో పురుడు పోసుకోవడం క్షేమమా కాదా అని ఒక స్త్రీకి చెప్పే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

చావు తర్వాత వచ్చే తనిఖీ

మన దగ్గర తనిఖీ జరగదని కాదు, చావు తర్వాత జరుగుతుంది. 2019 అక్టోబరులో ఎల్.బి.నగర్‌లోని ఒక పిల్లల ఆస్పత్రిలో తెల్లవారుజామున మంటలు లేచి ఒక పసివాడు చనిపోయాడు. అప్పుడు నగరమంతా ఆస్పత్రుల ఫైర్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజులో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వాళ్ళలో నలుగురు చనిపోయారు. ఆ తర్వాతి నెలలో రాష్ట్రమంతటా ప్రైవేటు ఆస్పత్రుల మీద తనిఖీలు జరిగాయి, నోటీసులిచ్చారు, కొన్నింటికి సీళ్ళు వేశారు. స్త్రీలు చనిపోయింది ప్రభుత్వ ఆస్పత్రిలో, దాడులు జరిగింది ప్రైవేటు వాటి మీద! ఆ తనిఖీల్లో ఏ ఆస్పత్రిలో ఏ లోపం దొరికిందో, ఏ సీలు ఏ షరతు మీద తీశారో పేషెంట్లకు ఎవరూ చెప్పలేదు.

ఇది మన ఒక్క రాష్ట్రం సంగతి కాదు. 2011 డిసెంబరు 9న కలకత్తాలో పెద్ద పేరున్న ఆమ్రి ఆస్పత్రిలో దాదాపు 90 మంది ప్రాణాలు పోయాయి. కార్లు పెట్టుకోవలసిన బేస్‌మెంట్‌లో మండే సామాను నింపారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే ఆ స్త్రీలలో చాలామంది జబ్బుపడ్డారు, 13 మంది చనిపోయారు. 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లో పసిపిల్లల నర్సింగ్ హోం తగలబడి ఆరుగురు పసికందులు పోయారు. దాని లైసెన్సు మార్చి 31తోనే ముగిసిందని, ఐదు పడకల అనుమతితో 12 మంది పిల్లల్ని పెట్టుకున్నారని అప్పుడు బయటపడింది. ఆ తల్లులకు ఈ సంగతి ఏప్రిల్‌లో తెలిసే వీలుందా? లైసెన్సు గడువు తీరిందన్న నిజం ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంది. పిల్లలే భద్రంగా లేరు.

భద్రత అంటే మంటలార్పే సిలిండర్ ఒక్కటే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగిన కాన్పుల్లో అవి 81.5 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. మన స్త్రీల కటి ఎముకలు దేశంలో వేరెక్కడా లేనంత ఇరుకుగా ఉన్నాయా? గర్భసంచి తీసివేతల్లోనూ రెండు తెలుగు రాష్ట్రాలు ముందున్నాయి. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వీటిని పర్యవేక్షించే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి తనిఖీకి వచ్చినవాళ్ళు పడకలు, బాత్‌రూములు లెక్కపెట్టి వెళ్ళిపోతే చాలదు. ఆ నర్సింగ్ హోంలో ఏడాదికి ఎన్ని కాన్పులు, వాటిలో ఎన్ని సిజేరియన్లు, ఏ వయసువాళ్ళకు గర్భసంచులు తీశారు, ఎంతమందికి చీము పట్టింది, ఎంతమందిని ఆఖరి నిమిషంలో గాంధీకో నీలోఫర్‌కో తోసేశారు అన్నది రాయాలి. మత్తుమందు డాక్టరు రాత్రిపూట అందుబాటులో ఉంటారా, తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సేనా అన్నది రాయాలి. నమోదు కాని నర్సు తప్పు ఇంజెక్షన్ ఇవ్వడంతో ఒక పసివాడి మెదడు శాశ్వతంగా దెబ్బతిన్న స్ప్రింగ్ మెడోస్ కేసులో 1998లోనే సుప్రీంకోర్టు ఆస్పత్రిని బాధ్యురాల్ని చేసింది. నెలకు కొద్ది వేలిచ్చి ఇంటర్ చదివిన పిల్లని సిస్టర్‌గా పెట్టుకోవడం ఆ పిల్లకీ అన్యాయమే. తప్పు జరిగిన రోజున ముందుగా బలయ్యేది ఆమే.

హాస్టళ్ళలో ఉండే అమ్మాయిల సంగతి మరీ దారుణం. గర్భం వచ్చిందని తెలిస్తే ఆమె వెతికేది మంచి ఆస్పత్రిని కాదు, పేరు అడగని ఆస్పత్రిని. పెళ్ళికాని స్త్రీకి కూడా సురక్షిత గర్భస్రావం హక్కేనని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. ఇవేవీ తెలియక, ఆమోదం లేని చోట రెట్టింపు డబ్బులిచ్చి, జ్వరంతో హాస్టల్ గదికి తిరిగొచ్చిన పిల్లల్ని మేం చూశాం. ఆమోదం పొందిన చోటు తన సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేలా పెట్టాలని నిబంధన ఉంది. ఆ ఒక్క కాగితం గుమ్మం దగ్గర కనిపిస్తే, ఎవర్నీ ఏమీ అడగాల్సిన పనిలేకుండానే ఆ అమ్మాయి లోపలికి వెళ్ళాలో వద్దో తేల్చుకుంటుంది.

రెండు వాదనలు

"జాగ్రత్తగా మంచి ఆస్పత్రి చూసుకోవాలి గదా" అంటారు చదువుకున్నవాళ్ళు. దేన్ని చూసి? ఏసీ చూసా, గ్రానైట్ చూసా? నొప్పులొచ్చిన మనిషి ఆటోలో కూర్చుని ఏం చూస్తుంది? సమాచారమంతా దాచిపెట్టి, తప్పు ఎంపిక చేసుకున్నావని స్త్రీనే నిందించడం మనకు కొత్త కాదు. వరకట్నం చావులప్పుడూ ఇదే అన్నారు, సంబంధం సరిగ్గా చూసుకోవలసింది అని.

రెండో వాదన డాక్టర్లది. దీన్ని కొట్టిపారెయ్యలేం. తనిఖీల పేరుతో ఆఫీసర్లు మామూళ్ళు గుంజుతారు, పది శాఖల చుట్టూ తిరగలేక చిన్న నర్సింగ్ హోములు మూతపడతాయి, చివరికి కార్పొరేట్ ఆస్పత్రులే మిగులుతాయి అంటారు. చిన్న నర్సింగ్ హోములు పోవాలని మేమూ కోరుకోవడం లేదు. ఇంటి దగ్గర, పేరు తెలిసిన డాక్టరు చేతిలో పురుడు పోసుకోవడం మంచిదే. కానీ మామూళ్ళు పుట్టేది రిపోర్టు చీకట్లో ఉన్నప్పుడే. ఏం రాశారో ఎవరికీ తెలియదు గనకే రాసినదాన్ని చెరిపేయడానికి బేరం కుదురుతుంది. తనిఖీ రిపోర్టు మర్నాడే గుమ్మం దగ్గర అంటించాలన్నప్పుడు ఇన్‌స్పెక్టరు దేన్ని అమ్ముకుంటాడు? నిజాయితీగా నడిపే డాక్టరుకు ఆ కాగితమే రక్షణ. వెలుగు వస్తే నష్టపోయేది చీకట్లో వ్యాపారం చేసేవాళ్ళే. అయితే ఈ నియమం పంజగుట్టలోని కార్పొరేట్ భవనానికీ, బస్తీలోని ప్రభుత్వ ఆస్పత్రికీ సమానంగా ఉండాలి. పది పడకలవాణ్ణి పట్టుకుని 500 పడకలవాణ్ణి వదిలేస్తే అది తనిఖీ అనిపించుకోదు.

మన చేతిలో ఏముంది?

కాగితం అడగడంలో మన ఉద్యమానికి అనుభవం ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను స్త్రీల మీద ప్రయోగిస్తున్నప్పుడు, ఇది ప్రయోగమని వీళ్ళకు చెప్పారా అని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అప్పటికి సమాచార హక్కు చట్టం లేదు. ఇప్పుడు ఉంది, 2005 నుంచి.

దాన్నిలా వాడదాం. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలోని సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. ఎందుకని కారణం చెప్పనక్కర్లేదు. ఫలానా నర్సింగ్ హోం రిజిస్ట్రేషన్ నకలు, గత ఐదేళ్ళలో తనిఖీ జరిగిన తేదీలు, ప్రతి రిపోర్టు నకలు, ఇచ్చిన నోటీసులు, వాటిపై తీసుకున్న చర్య అని విడివిడిగా అడగాలి. ఫైలును స్వయంగా చూసి రాసుకుంటామని కూడా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. మూడోపక్షం అని తిప్పికొడితే బెదరవద్దు. ఒక చట్టం ప్రకారం ప్రభుత్వం చేతికి రాగల ప్రైవేటు సంస్థ సమాచారం కూడా ఈ చట్టం కిందికి వస్తుంది. మూడోపక్షాన్ని అడగమని మాత్రమే చట్టం చెప్పింది, దాని మాటే ఆఖరి మాట కాదు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాల్సిందే. 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు.

కేస్ షీట్ కోసం రేపు మాపు అని తిప్పితే, 72 గంటల్లో ఇవ్వాలన్న 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనను రాతపూర్వకంగా గుర్తుచేయండి. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలిపోయింది. హైదరాబాదులో మలేరియాకు టైఫాయిడ్ వైద్యం చేయగా భార్యను పోగొట్టుకున్న ఒక ఉద్యోగి, నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి మీద కేసు వేసి 2010లో సుప్రీంకోర్టులో గెలిచాడు. ప్రతి కేసులోనూ ఇంకో డాక్టరు సాక్ష్యం అక్కర్లేదని అప్పుడు కోర్టు చెప్పింది. ఆయన్ను గెలిపించినవి ఆస్పత్రి రికార్డులే. కాగితం దాచేవాళ్ళకు దాని విలువ మనకంటే బాగా తెలుసు.

అయితే ఒక్కొక్క స్త్రీ ఒక్కొక్క దరఖాస్తు పెట్టుకుంటూ ఎంతకాలం తిరుగుతుంది? అడగకుండానే ఇవ్వవలసినది ఇది. అందుకే మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి ఆస్పత్రి గుమ్మం దగ్గర, అందరికీ అందే ఎత్తులో, తెలుగులో, ఉర్దూలో, రిజిస్ట్రేషన్ గడువు, అనుమతించిన పడకల సంఖ్య, ఆఖరి తనిఖీ తేదీ, దొరికిన లోపాలు, సరిదిద్దిన తేదీ రాసిన పలక ఉండాలి.

2. విచారణ లేని తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద కాన్పులు, ఆపరేషన్లు చేయనివ్వకూడదు.

3. ఫైర్, కాలుష్య మండలి, స్కానింగ్, గర్భస్రావ అనుమతులు ఒకేచోట చూసుకునే రిజిస్టరు ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి.

4. సిజేరియన్లు, గర్భసంచి ఆపరేషన్లు, తల్లుల మరణాల లెక్కలు, స్త్రీల పేర్లు బయటపడకుండా, ఆస్పత్రివారీగా ఏటా ప్రకటించాలి. ప్రభుత్వ ఆస్పత్రులను మినహాయించకూడదు.

5. తనిఖీ బృందంలో స్త్రీల సంఘాల ప్రతినిధి, నర్సుల ప్రతినిధి ఉండాలి.

ఈ పత్రిక చదివే ప్రతి సంఘం తమ వీధిలోని ఒక నర్సింగ్ హోం, ఒక ప్రభుత్వ ఆస్పత్రి గోడలు చదివి రావాలని కోరుతున్నాను. ఏ కాగితం ఉంది, ఏది లేదు, ఏది గడువు తీరింది రాసుకోండి. లేనిదాని కోసం దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబులు, రాని జవాబులు కూడా మాకు పంపండి. అన్నీ కలిపి జిల్లా కలెక్టరు బల్ల మీద పెడదాం. ఇంకో ఇబ్రహీంపట్నం జరిగాక కాదు, దానికంటే ముందే.